సోడా లేదు

మా బోటు మీద ఎవరినీ అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవరు. ఆ పేర్లు నా రిజిస్టర్‌లో మాత్రమే ఉంటాయి. నీళ్ళలోకి దిగిన టైము, పైకి వచ్చిన టైము, ఎంత లోతుకు వెళ్ళారు, దిగేటప్పుడు సిలిండర్లో గాలి ఎంత, వచ్చాక ఎంత మిగిలింది, ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా. పేరు పక్కన ఆరు గడులు. వాటిని నింపడమే నా ఉద్యోగం.

నాది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. మాకు వరి, కొద్దిగా చెరకు. ఈత రాదు. ఫిషింగ్ హార్బర్ పక్కన ఈ డైవింగ్ షెడ్డులో రాత పనికి మనిషి కావాలంటే డిగ్రీ అయిన వెంటనే వచ్చేశాను. ఆదివారాలు ఋషికొండ దగ్గర మధురవాడ ఐటీ కుర్రాళ్ళకు సముద్రం అడుగు చూపిస్తాం. మిగతా రోజుల్లో మరబోట్ల పంకాలకు చుట్టుకున్న వలలు కోయడం, తెగిపడిన లంగర్లు వెతకడం లాంటి పనులు వస్తాయి.

బోటు మీద చలమయ్య బాబాయ్ మాటే మాట. ముప్పై ఏళ్ళు నీళ్ళ కింద పని చేసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి దిగడం లేదు. దిగేది ఇద్దరు. అర్జునరావు అన్నయ్య, మణికంఠ. అర్జునరావుది జాలరిపేట, నోరు ఊరుకోదు. మణికంఠ వాళ్ళ నాన్న భీమశంకరరావు గారు స్టీల్‌ప్లాంట్‌లో పని చేస్తారు. అసలు ఊరు రాజోలు వైపు అయినా మణికంఠ కూర్మన్నపాలెంలోనే పుట్టి పెరిగాడు. ఇంట్లో గోదావరి మాట, బోటు మీద మా మాట, రెండూ కలిపేసి మాట్లాడతాడు.

పేర్ల సంగతి నాతోనే మొదలైంది. చేరిన కొత్తలో ఒక కస్టమర్ ఒంటి నిండా సామాను తగిలించుకుని వచ్చాడు. రెండు చేతులకూ రెండు వాచీలు, కాలికి కత్తి, మెడలో కెమెరా, నడుముకు మూడు టార్చిలైట్లు. అడుగు తీసి అడుగు వేస్తే అన్నీ గలగలమంటున్నాయి. "గంగిరెద్దులాగున్నాడు బాబాయ్" అన్నాను మెల్లగా. చలమయ్య బాబాయ్ నవ్వలేక ఇంజను పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి సామాను ఎక్కువైన ప్రతివాడూ గంగిరెద్దే.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. అడుగున కాళ్ళు ఈడుస్తూ బురదంతా రేపేవాడు దుక్కిటెద్దు. ఎంత సీసం కట్టినా మునగనివాడు బెండు. అరగంట రావలసిన గాలిని పావుగంటలో తాగేసేవాడు బోరింగు. ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా, చుట్టూ ఉన్న చేపలను వదిలేసి మొహాలు చూసుకునే జంట పెళ్ళిచూపులు. చలికి సూట్‌లోనే పని కానిచ్చేసేవాడు గీజర్. ఆ పేరు నేను పెట్టలేదు, సూట్లు ఉతికే వరహాలమ్మ పెట్టింది. పైకి రాగానే చేతులు బార్లా చాపి "ఇంత చేప" అని చెప్పేవాడిని కామరాజు అంటారు. కామరాజు చలమయ్య బాబాయ్‌తో ఒకప్పుడు పని చేసిన మనిషట. "ఆడికి బొమ్మిడాయి కూడా తిమింగలంలాగే కనిపించీదమ్మా" అంటాడు బాబాయ్.

నేను రోజుకు పది మాటలు కూడా మాట్లాడను. వాటిలో ఒకటి ఇలా పేరైపోతుంటే నాకు సంతోషంగానూ అనిపించలేదు, బాధగానూ అనిపించలేదు. ఎవరో వచ్చి పట్టుకెళ్ళిన వస్తువులాగా ఉండేది.

సోడా కూడా నాదే.

పోయినేడాది ఒక డాక్టరు గారు వచ్చి డైవర్లందరికీ క్లాసు చెప్పారు. లోతులో ఎక్కువసేపు ఉండి గబుక్కున పైకి వస్తే రక్తంలో కలిసిన గాలి బుడగలవుతుందని, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టే పొంగుతుందని, ఆ బుడగ ఎక్కడ అడ్డుపడితే అక్కడ నొప్పో తిమ్మిరో వస్తుందని చెప్పారు. మర్నాడు అర్జునరావు పైకి వచ్చి భుజం నొప్పి అన్నాడు. "సోడా కొట్టినట్టున్నారు" అన్నాను. చలమయ్య బాబాయ్ నాలుకతో 'ట్టప్' మని శబ్దం చేశాడు. వారం రోజులు అదే. అర్జునరావు భార్య అప్పాయమ్మ షెడ్డుకు ఫోన్ చేసి "మా సోడా బయల్దేరినాడా?" అని అడిగేదాకా వెళ్ళింది. అతని భుజం నొప్పి మామూలుదేనట, రెండు రోజుల్లో తగ్గిపోయింది. పేరు మాత్రం తగ్గలేదు.

అప్పటి నుంచి మా బోటు మీద ఎవరికీ ఏ నొప్పీ రాలేదు. చివరి డైవ్ అయ్యాక నేను రిజిస్టర్ తెరిచి "ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడగాలి. అందరూ ఒకే గొంతుతో "సోడా లేదు!" అంటారు. బయటివాళ్ళు కూడా ఒక్కరోజులో నేర్చేసుకుంటారు. కొన్నాళ్ళకు నేను వాళ్ళు పైకి రాకముందే ఆ గడిలో 'లేదు' అని రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎలాగూ రాసేది అదే.

ఆ రోజు బుధవారం. ఒక ట్రాలరు లంగరు తెగి ముప్పై మీటర్ల లోతులో పడింది. మొదటిసారి ఇద్దరూ దిగారు. నీళ్ళు మబ్బుగా ఉన్నాయి, దొరకలేదు. అర్జునరావు చెవి పట్టేసింది. రెండోసారి మణికంఠ ఒక్కడే దిగి లంగరు చూసి వచ్చాడు, తాడు కట్టేలోపు గాలి తగ్గిపోయిందన్నాడు. మూడో సిలిండర్ తగిలించుకుంటుంటే అర్జునరావు నవ్వాడు.

"ఏటి బావ, మల్లీ నువ్వేనేటి? లంగరుతో సుట్టరికం కలిపీసినావేటి?"

"నీ చెవి పనిచేత్తే నువ్వే దిగుదువు కదా బావా."

"నాను దిగితే సెవిలోంచి ఈలలొత్తన్నాయి. సేపలు డేన్సు కడతాయిరా."

చలమయ్య బాబాయ్ నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు. "ఇంకో గంట ఆగాల్రా."

"ట్రాలరోళ్ళు అప్పటిదాకా ఉండరంట బాబాయ్. తాడు కట్టడమే కదా, పది నిమిషాలు."

బాబాయ్ కాసేపు నీళ్ళకేసి చూశాడు. "సరే ఎల్లు. వొచ్చేటప్పుడు ఐదు మీటర్ల కాడ తాడట్టుకుని ఆగు. మరిసిపోకు. బాగా ఆగు."

మణికంఠ పదకొండూ పద్దెనిమిదికి దిగాడు. నేను నీళ్ళ మీద బుడగలు చూస్తూ కూర్చున్నాను. నాకు లోపల ఏం జరుగుతుందో తెలీదు కానీ బుడగలు తెలుసు. మనిషి పని చేస్తుంటే గుంపులుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. ఐదు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఆగితే ఒక్కచోటే, తాపీగా వస్తాయి. అలా వచ్చేదాకా చూసి, అప్పుడు ఫ్లాస్కు మూత తీస్తాను. ఆ రోజు అలా రాలేదు. తాడు పక్కన ఒక్కసారిగా తెల్లగా పొంగింది. ఆ వెంటనే మణికంఠ తల బయటికి వచ్చింది.

పదకొండూ నలభై. నిండుగా ఉంటే రెండు వందలు చూపించే గేజ్‌లో గాలి పది కూడా లేదు.

"కట్టేశాను!" అన్నాడు బోటు అంచు పట్టుకుని.

"బోరింగా! మొత్తం తాగీసినావు కదరా. ఆగినావా?" అడిగాడు బాబాయ్.

"ఆగాను బాబాయ్."

నేను చూశాను. ఏమీ అనలేదు. నేను ఏదైనా అంటే అది పేరైపోతుందని అనుకున్నానేమో. నిజానికి ఏమీ అనుకోలేదు. రిజిస్టర్ తెరిచి, ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగాను. ముగ్గురూ అరిచారు. ఆ గడిలో అప్పటికే 'లేదు' అని ఉంది.

తిరిగి వస్తుంటే అర్జునరావు టీ పోస్తున్నాడు. బోటు ఒక కెరటం ఎక్కి దిగింది. ఫ్లాస్కులోంచి టీ మణికంఠ ఎడమ పాదం మీద పడింది. పొద్దున్న పోసిన టీ అయినా పొగలు వస్తూనే ఉంది. మణికంఠ కాలు తీయలేదు. లంగరు బురదలో ఎలా కూరుకుపోయిందో చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు. కొంచెంసేపటికి తల వంచి తడిగా ఉన్న పాదం చూసుకున్నాడు. అప్పుడు "అబ్బా" అన్నాడు.

టైము చూశాను. పన్నెండూ ఇరవై.

అర్జునరావు ముందువైపు వెళ్ళాక మణికంఠ నా దగ్గరికి జరిగాడు. నేను చూశానని అతనికి తెలుసు.

"కూర్చుని కూర్చుని మొద్దుబారిందండి, అంతే" అన్నాడు.

"ఒక కాలా? రెండు కాళ్ళా?"

"ఒకటే. కొంచెం నడుం కూడా. తగ్గిపోద్ది." నా ఒళ్ళోని రిజిస్టర్ వైపు చూశాడు. "రాయకండి ధనలక్ష్మి గారూ."

ఎందుకో నాకు తెలుసు. వచ్చే నెల నుంచి ఆదివారం బోటు నీదే, నువ్వే చూసుకో అని బాబాయ్ అతనికి మాట ఇచ్చాడు. ఇంట్లో వాళ్ళ నాన్న రెండేళ్ళుగా ఈ పని మానేయమంటున్నారు. ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చూసి పెట్టారు. బోటు నీ చేతికి వస్తే మొదటి ఆదివారం నేనూ వచ్చి చూస్తాను అని పోయిన వారమే అన్నారట. ఆ సంగతి మణికంఠ మాకు మూడుసార్లు చెప్పాడు. రిజిస్టర్‌లో ఇలాంటిది ఎక్కితే ఆరు నెలలు నీళ్ళలోకి దిగనివ్వరు. ఆరు నెలలంటే అతనికి ప్లాంటే.

"సోడా అంటే ఇంక నన్నెవడైనా బోటు మీద నమ్ముతాడా? ఎగతాళి చేసి చంపేత్తారు" అన్నాడు.

డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరవుతోంది. పోర్టు వైపు క్రేన్లు కనిపిస్తున్నాయి. మామూలుగా వాటిని లెక్కపెడతాను. ఆ రోజూ లెక్కపెట్టాను. చివరికి ఎన్ని వచ్చాయో గుర్తులేదు.

ఒంటిగంటా పదికి జెట్టీకి చేరాం. దిగేటప్పుడు మణికంఠ ఎడమ కాలు మెట్టును తాకి పక్కకు జారింది. చేత్తో తొడ పట్టుకుని కాలు పైకి పెట్టుకున్నాడు.

"పొద్దున్నే ఏసీసినావేటి బావ?" అని అరిచాడు అర్జునరావు. "నాకు మిగల్సలేదేటి?"

మణికంఠ కూడా నవ్వాడు. నవ్వుతూనే షెడ్డు గోడ పట్టుకుని నడిచాడు. మరుగుదొడ్డిలోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. రాగానే బల్ల మీద కూలబడి బకెట్లో గాలి పీల్చే రెగ్యులేటర్ కడగడం మొదలుపెట్టాడు. మొహం మీద చెమట పట్టి ఉంది. బాబాయ్ సిలిండర్లు వరసగా పెడుతున్నాడు. నేను ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"బాబాయ్, మణికంఠకి బాగోలేదు."

"ఏటైంది?"

"కాలు."

"సోడాయేటి?" అని నాలుకతో 'ట్టప్' మనిపించాడు. అలవాటు. అర్జునరావు అందుకున్నాడు, "ఒరే, గోదారి సోడా!"

"ఏం లేదు బాబాయ్, సోడా లేదు!" అన్నాడు మణికంఠ బల్ల మీద నుంచి. గొంతు బాగానే ఉంది. ముగ్గురూ నవ్వారు.

ఇంకోసారి చెప్పాలంటే నా దగ్గర ఉన్న మాట ఆ ఒక్కటే, దానితోనే వాళ్ళు నవ్వుతున్నారు. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీశాను. బల్ల దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. అర్జునరావు ఏదో అంటుంటే మణికంఠ అటు తిరిగి జవాబు చెబుతున్నాడు. అతని ఎడమ పాదం నా ముందే ఉంది, ఉప్పు తెల్లగా కట్టింది. పిన్నీసు అరికాల్లో గుచ్చాను. అది లోపలికి దిగింది. మణికంఠ మాట ఆపలేదు.

"...నీ చెవికన్నా నా కాలే నయం బావా, అది ఈల వెయ్యదు" అంటున్నాడు.

అర్జునరావు నా చేతిని చూశాడు. మణికంఠ అతని మొహం చూసి, తల వంచి, తన పాదంలో నిలబడి ఉన్న పిన్నీసును చూశాడు. ఒక చుక్క రక్తం ఉప్పు మీదుగా జారింది.

"పన్నెండూ ఇరవైకి టీ పడింది. అప్పుడూ తెలీలేదు. పైకి వచ్చినప్పుడు ఐదు మీటర్ల దగ్గర ఆగలేదు. బుడగలు ఒక్కచోట రాలేదు" అన్నాను. ఒక్కసారి అన్ని మాటలు నేను ఆ షెడ్డులో ఎప్పుడూ మాట్లాడలేదు.

చలమయ్య బాబాయ్ చేతిలోని సిలిండర్‌ను చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"ఒరే, పడుకో. లెగకు. తలెత్తకు. అర్జునా, ఆక్సిజను పట్రా. ఏగిరం!"

బాబాయ్ ఎవరికో ఫోన్ చేశాడు, ఆ ఫోన్‌లో ఇంకెవరిదో నంబరు తీసుకుని మళ్ళీ చేశాడు. కంపెనీ వ్యాన్‌లో సీట్లు మడిచి మణికంఠను వెల్లకిలా పడుకోబెట్టారు. మొహానికి మాస్క్. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు కదలకుండా నిలబడి ఉన్నాయి. అర్జునరావు దిగి లారీల మధ్య పరిగెడుతూ దారి ఇమ్మని చేతులు ఊపాడు, తిట్టాడు, దండం పెట్టాడు. నేను మణికంఠ పాదం పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది. నేను పట్టుకున్నానని అతనికి తెలీదు.

నేవీ ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు అన్నిటికన్నా ముందు రిజిస్టర్ అడిగారు. నిలబడే చదివారు. మూడు డైవులు, లోతు, టైములు. వేలు చివరి గడి మీద ఆగింది.

"ఇక్కడ 'లేదు' అని ఉంది. మరి తిమ్మిరి ఎప్పుడు మొదలైంది?"

"పన్నెండూ ఇరవైకి నేను చూశాను."

"అంతకన్నా ముందు?"

"తెలీదు. ఆయన పైకి రాకముందే ఆ గడి రాసేశాను."

ఆవిడ నాకేసి ఒకసారి చూశారు. తిట్టలేదు. మణికంఠను ఇనుప గొట్టంలాంటి చాంబర్‌లోకి తోసి తలుపు బిగించారు. అందులో గాలి వత్తిడి పెంచి, మళ్ళీ లోతుకు తీసుకెళ్ళినట్టు చేసి, నెమ్మదిగా పైకి తెస్తారట. ఐదారు గంటలు పడుతుందన్నారు. మొదటి గంటలోనే తెచ్చి ఉంటే బాగుండేదన్నారు.

భీమశంకరరావు గారు ప్లాంట్ యూనిఫాంలోనే వచ్చారు. హెల్మెట్ చేతిలోనే ఉంది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన నా దగ్గరికి వచ్చారు.

"మీరేనా అమ్మా రాసేది? మా వాడు మీతో ఏవైనా చెప్పాడా అండి?"

"చెప్పారు. గంటసేపు నేను ఎవరికీ చెప్పలేదు."

ఆయన తల ఊపారు. బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని బిగిస్తూ, వదులు చేస్తూ ఉండిపోయారు. నాకు ఆకలి వేయలేదు, ఏడుపు రాలేదు. ఎదురు గోడకున్న గడియారంలో సెకండ్ల ముల్లు ఎనిమిది దగ్గరకు వచ్చినప్పుడల్లా కొంచెం తడబడేది. అదొక్కటే చూశాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి వెళ్ళేసరికి మణికంఠ మంచం మీద దిండుకు ఆనుకుని ఇడ్లీ తింటున్నాడు. నడుం బాగుందన్నాడు. ఒంటేలు మామూలుగానే వస్తోందని సిగ్గుపడకుండా చెప్పాడు. భీమశంకరరావు గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నారు.

"తొమ్మిదింటికి డాక్టర్ గారు వచ్చి కాళ్ళు చూత్తారంట. తెలిత్తే ఇంటికి పొమ్మంటారు. తెలీకపోతే మళ్ళీ ఆ గొట్టంలో పెడతారంట." గొంతు తగ్గించాడు. "ఒకసారి మీరు చూడండి. నేను కళ్ళు మూసుకుంటాను, మీరు ఏ వేలు ముట్టుకుంటే ఆ వేలు చెబుతాను."

దుప్పటి తీశాను. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుడికాలి చిటికెన వేలు ముట్టుకున్నాను.

"చిటికెన."

కుడికాలి నడిమి వేలు.

"నడిమిది. చూశారా?"

ఎడమ కాలి దగ్గరికి వచ్చాను. అరికాల్లో నేను గుచ్చిన చోట చిన్న నల్లటి చుక్క. బొటనవేలి మీదకు చెయ్యి తీసుకెళ్ళాను. ఎందుకో ముట్టుకోలేదు. గాలిలోనే ఆపాను. ఫ్యాను తిరుగుతోంది. మణికంఠ కనుబొమలు దగ్గరకు వచ్చాయి. చెవులు రిక్కించి వింటున్నట్టు మెడ కొంచెం వంచాడు.

"బొటనవేలు" అన్నాడు.

చెయ్యి అక్కడే ఉంచాను.

"బొటనవేలే కదా? బాగా తెలిసింది" అన్నాడు ఇంకోసారి. కళ్ళు తెరిచాడు. నా చెయ్యి అతని కాలికి జానెడు దూరంలో ఉంది. దాన్ని చూశాడు. కిటికీ దగ్గర వాళ్ళ నాన్న కూడా ఇటు తిరిగి ఉన్నారు.

"డాక్టర్ గారితో అనకండి. సాయంత్రానికి వచ్చేత్తది. ప్లీజ్ అండీ" అన్నాడు మణికంఠ.

దుప్పటి అతని కాళ్ళ మీద సర్దాను. లేచి, వార్డు చివర బల్ల దగ్గర రాసుకుంటున్న నర్సు దాకా నడిచాను. ఇరవై అడుగులు కూడా ఉండవు. వెనక నుంచి నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఆగలేదు.

"సిస్టర్, ఆరో మంచం మణికంఠకి ఎడమ పాదం ఇంకా తెలీటం లేదు. తెలుస్తోందని చెబుతాడు, నమ్మకండి. తొమ్మిది దాకా ఆగకండి."

గట్టిగానే అన్నాను. వార్డులో అందరూ విన్నారు. నర్సు పెన్ను మూత పెట్టి ఫోన్ అందుకుంది. నేను వెనక్కి తిరిగేసరికి భీమశంకరరావు గారు కొడుకు మంచం పక్కకు వచ్చి, దుప్పటి మీద నుంచే ఆ ఎడమ కాలిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. మణికంఠ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.